ఎనిమిది పలకల గొట్టం

గుండ్రం తుపాకి గొట్టాన్ని బాబా చేత్తో కూడా ముట్టుకోలేదు. రఫీయుద్దీన్ దాన్ని నూనెగుడ్డతో తుడిచి, రెండు చేతులా పట్టి మర్యాదగా ముందు పెడితే, ఎంగిలి పళ్ళెం చూసినట్టు చూసి మొహం పక్కకు తిప్పుకున్నాడు.

"ఇది నీళ్ళ పైపు. తోటలో బిగించుకోమను," అన్నాడు అరబ్బీలో.

రామాంజులు ఆ మాటను తెలుగులోకి దించినాడు. "ఇది చెట్లకు నీళ్ళు పెట్టేదానికి పనికొస్తాదంట భాయ్."

రఫీయుద్దీన్‌కు కోపం రాలేదు, నవ్వొచ్చింది. నిజామాబాద్ మనిషి. దోహాలో లైసెన్సు తుపాకులు బాగుచేసే అంగట్లో గడ్డం నెరిసిందాకా పనిచేసినోడు. ఆయనకూ అరబ్బీ వచ్చు, కాకపోతే బాబా అరబ్బీ వేరే. ముందుపళ్ళు లేవు, పైగా అది ఎడారిలో ఒంటెల వెంట తిరిగిన పాతకాలం మాట. సొంత మనవళ్ళే "ఏంది, ఏంది?" అని రెండుసార్లు అడుగుతారు. రామాంజులు ఒక్కడే అడగడు. ఉమ్ సలాల్‌లోని బాబా ఇంటికి డ్రైవరుగా వచ్చినప్పుడు వాని జుట్టు నల్లగా ఉండేది, ఇప్పుడు రంగేసుకుంటే గానీ నల్లగా లేదు. ఇన్నేండ్లలో బాబా మాట వాని చెవిలో పడేసరికే రాయచోటి మాటయిపోతాంది.

బల్లమీద తుపాకి కట్టె ఒక్కటే పడుకోని ఉంది, గొట్టం ఊడదీసినాక కొమ్ములు కోసిన ఎద్దు మాదిరి. అది బాబా వాళ్ళ నాయనది. ఒకసారికి ఒక్క తూటానే. కింద మీట లాగితే నోరు తెరుస్తాది, తూటా పెట్టి మళ్ళీ మూయాల. దాని పాత గొట్టానికి మొదలుకాడ వెంట్రుకవాసి చీలిక వచ్చింది. "ఇగ దీన్ని పేలిస్తే ఎదురుంగున్నోనికి ఏం గాదు, పట్టుకున్నోని మొహమే పోతది," అని రఫీయుద్దీన్ ముందే చెప్పినాడు.

బాబా కొడుకు జాసిమ్ అయితే ఈ ఖర్చే దండగన్నాడు. శుక్రవారం వాని కొడుకు పెండ్లి. పెండ్లికొడుకు ముందర మొగవాళ్ళంతా రెండు వరసల్లో భుజానికి భుజం ఆనించి నిలబడి, కత్తులూ తుపాకులూ పట్టుకోని పాడతా ఊగుతారు. దాన్ని అర్దా అంటారు. పట్టుకోని నిలబడేదానికి అది పేలాల్సిన పనేముంది, పాతదే పట్టుకో, లేదంటే ఏదైనా తేలికది వేయించుకో అని జాసిమ్ మాట. పేలని తుపాకి పట్టుకుంటే అది తుపాకీ కాదు, పట్టుకున్నోడు మొగోడూ కాదని బాబా మాట.

ఇంతకీ బాబాకు తుపాకి కంటే పెద్ద బాధ ఇంగోటుంది. అది రామాంజులుకు తెలుసు. పోయిన చలికాలం ఎవరిదో పెండ్లిలో, పాట నడిమధ్యలో, బాబా భుజం కొంచెం వాలింది. జాసిమ్ చూసి కంటితో సైగ చేసినాడు. రామాంజులు పరిగెత్తి పోయి తెల్ల ప్లాస్టిక్ కుర్చీ తెచ్చినాడు. ఇద్దరూ కలిసి పెద్దాయన చేతిలోని తుపాకి మెల్లగా లాక్కోని, వరసలోనుంచి తప్పించి, పక్కన కూచోబెట్టినారు. అందరూ చూసినారు. అర్దా వరసలోనుంచి మనిషిని తీసి పక్కన పెట్టడమంటే, మన పక్క బంతిలో కూచున్నోన్ని ఆకు ముందరనుంచి లేపినట్టే. ఈ శుక్రవారం మాత్రం ఆ వరసలో నిలబడాల. ఆయనకు కావాల్సింది అంతే.

"పెద్దాయనకు పలకలదే గావాల్నంటవా?" అన్నాడు రఫీయుద్దీన్. లోపలికి పోయి ఇంకో రెండు గొట్టాలు తెచ్చి పాత దుప్పటి మీద పెట్టినాడు. రెండూ ఎనిమిది పలకలవే. "గిది మొదటి సంది కొస దాక ఒక్కటే లావు. గడ్డపార లెక్క ఉంటది. గిదేమో కొసకు పోయినకొద్దీ సన్నవడ్తది, లోపల బెజ్జం గూడ పెద్దది. సగానికి సగం తేలిక."

బాబా కండ్లకు మసక. అయినా వేలికి మసక లేదు గదా! బొటనవేలు పలకల అంచు మీద పెట్టి గొట్టాన్ని తిప్పతా ఎంచినాడు. "వాహద్, ఇత్నేన్, తలాతా..." ఎనిమిది దాకా వచ్చినాక మొహమంతా విచ్చుకుంది.

"మా నాయన నాకు లెక్క నేర్పింది దీని మీదే రామా. చలికాలంలో గుడారం ముందర మంట వేసుకోని కూచునేవాళ్ళం. మంటవైపు పలక వెచ్చగా ఉండేది, ఇవతలి పలక మంచు మాదిరి. ఒక్కో పలకా చెంపకు ఆనించి, ఇది ఎన్నోది చెప్పు అనేవాడు. ఎనిమిది వరకే వచ్చు నాకు. తొమ్మిదోది ఏందో చాలా రోజులు తెలీదు."

ఎప్పుడూ చెప్పే కథే. ఎప్పుడు చెప్పినా రామాంజులు మొదటిసారి విన్నట్టే వింటాడు.

బాబా లావు గొట్టాన్ని రెండు చేతులా ఎత్తినాడు. మెడనరాలు తేలినాయి, భుజం ఒకవైపుకు కుంగింది. ఒళ్ళో పెట్టుకోని ఊపిరి పీల్చుకోని, దాన్ని అరచేత్తో కొట్టినాడు. "ఇదే. మా నాయనది ఇంతే బరువు. ఇదే వెయ్యమను."

రామాంజులు కండ్ల ముందర మళ్ళీ ఆ తెల్ల కుర్చీ వచ్చి నిలబడింది. ఈ బరువుతో ఈయన ఒక్క పాట కూడా నిలబడలేడు. మళ్ళీ జాసిమ్ సైగ చేస్తాడు, మళ్ళీ తనే కుర్చీ తేవాల. ఆ పాపం రెండోసారి నాకెందుకు సామీ అనుకున్నాడు.

"ఏమంటుండు?" రఫీయుద్దీన్ అడిగినాడు.

"సన్నంది వెయ్యమంటాండాడు భాయ్. తేలికది."

"లావుది కొట్టి చూపిచ్చె గదనే?"

"అది బాగుంది గానీ మొయ్యలేను అన్నాడు."

రఫీయుద్దీన్ తల గోక్కున్నాడు. "చూడన్నా, చెయ్యి వణికెటోళ్ళకు..."

"యల్లా భాయ్, ఆయన సంగతి నీకంటే నాకు బాగా తెలుసు. నువ్వు వెయ్యి."

బాబా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తా, తెలుగు మాటలకు తల ఊపతా కూచున్నాడు. తన మాటే నడుస్తాందని ఆయన నమ్మకం.

*

"మంచి పని చేసినావులే అన్నా," అనింది హుస్సేన్‌బీ.

ఆ ఇంటి వంటంతా ఆమెదే. రాయచోటి పక్కనే ఆమె ఊరు కూడా. పొయ్యి మీద బాబాకు కాఫీ మరగతాంది, యాలకుల వాసన వంటిల్లంతా కమ్ముకోని ఉంది. ఆమె కూజాలో సగం కాఫీ పోసి, మిగతా సగం వేన్నీళ్ళు పోసింది.

"ఏందమ్మే, రోజూ ఇట్లనేనా?"

"జాసిమ్ చెప్పినాడు. గుండెకు మంచిది కాదంట. పెద్దాయన తాగి, ఈ మధ్య కాఫీగింజల్లో సత్తువ పోయిందే బీబీ అంటాడు. నేను అవును బాబా, కాలం మారిపోయింది అంటా." ఆమె నవ్వింది. "కూరలో ఉప్పు లేకపోతే నాలుక పోయిందేమో అనుకుంటాడు. పాత కారు తాళాలు జాసిమ్ దాచిపెట్టినాడు, రిపేరుకు షెడ్డులో ఉందని చెప్పినాడు. ఇంగ నువ్వు తుపాకి బరువు దించేసినావ్. ఎవరికి తోచిన మేలు వాళ్ళం చేస్తానే ఉండాం పాపం."

"ఏం చేస్తాం మరి? నిలబడాల గదా ఆయన."

"నిలబడతాడు, నిలబడతాడు. నీ పుణ్యమా అని."

ఆమె మెచ్చుకునేసరికి రామాంజులుకు కడుపు నిండింది. రెండు గంటెలు పులుసు ఎక్కువే వేయించుకోని తిన్నాడు.

*

బుధవారం తుపాకి తయారయి వచ్చింది. సాయంత్రం ఎండ ఖర్జూరం చెట్ల సందుల్లోనుంచి పెరట్లోకి అడ్డంగా పడతాంది. బాబా తెల్ల చొక్కా చేతులు మడిచి, చెప్పులు విడిచి, మట్టిలో కాళ్ళు పాతినట్టు నిలబడినాడు. రామాంజులు తుపాకి అందించినాడు.

పెద్దాయన గొట్టం మొదలుకాడ వేలు పెట్టి పలకలు ఎంచుకున్నాడు. ఎనిమిదీ ఉన్నాయి. అమాంతం ఎత్తినాడు. ఎత్తేసరికి ఆయన కండ్లు పెద్దవయినాయి.

"చూసినావా రామా! గడ్డిపరక మాదిరి లేపినా! చేతిలో సత్తువ పోలేదు!"

"అందుకే గదా బాబా నువ్వు బాబావి," అన్నాడు రామాంజులు. సంతోషం పట్టలేక చప్పట్లు కొట్టినాడు.

బాబా భుజానికి ఆనించి, కొస ఆకాశం వైపు పెట్టినాడు. అర్దాలో పట్టుకునేది అట్లనే. పెదాలు కదిలించి లోపల్లోపల పాట అందుకున్నాడు.

కొస వణకడం మొదలుపెట్టింది.

ముందు కొంచెం. తర్వాత ఇంకా కొంచెం. చేతిలోని వణుకు బియ్యపుగింజంత, అది సన్నటి గొట్టమంతా పాకి కొసకు పోయేసరికి బెత్తెడు. ఎండ ఆ ఇనుము మీద పడి గోడ మీద ఒక మెరుపు ఆడతాంది. బాబాకు గొట్టం కొస సరిగ్గా కనపడకపోయినా, గోడ మీద గెంతే ఆ వెలుగు మాత్రం బాగా కనపడింది. దాన్నే చూస్తా నిలబడినాడు. రెండో చేయి వేసి గట్టిగా పట్టుకున్నాడు. అది ఇంకా ఎక్కువ గెంతింది.

తుపాకి దించి రామాంజులు చేతికిచ్చినాడు.

"గొట్టం అదే," అన్నాడు మెల్లగా. "చెయ్యే అది కాదు. ఇదే బరువుతో మా నాయన పొద్దుగూకులూ కదలకుండా నిలబడేవాడు. నేనూ నిలబడినా. నీళ్ళ పైపు అని నవ్వినా గానీ, నా చేతికి ఇంగ అదే ఎక్కువ." చెప్పులు తొడుక్కునేదానికి కాలు తడుముకున్నాడు. "జాసిమ్‌కు చెప్పు. శుక్రవారం నేను అర్దాలోకి రాను. ఇంట్లోనుంచే దీవిస్తా."

రామాంజులు తేలు కుట్టిన దొంగ మాదిరి తుపాకి ఎత్తుకోని లోపలికి పోయినాడు.

ఆరోజు వాడు అన్నం ముందర కూచున్నాడు గానీ తినలేదు. వాళ్ళ నాయనను కన్న జేజి గుర్తొచ్చింది. ఊర్లో వాళ్ళ జేజి దినామూ దిగుడుబావి నుంచి ఇత్తడి కడవ నడుమున పెట్టుకోని వచ్చేది. ముసలితనంలో అడుగు తడబడతాందని, రామాంజులు వాళ్ళమ్మ ఆ కడవను అటకమీద దాచిపెట్టి, అదే మాదిరి చిన్న బిందె కొనిపెట్టింది. జేజికి చెప్పలేదు. జేజి రెండు రోజులు ఆ బిందెతో తెచ్చింది. మూడోరోజు, "కడవ కూడా నన్ను చూసి చిన్నబోయిందే కోడలా" అనేసి మంచమెక్కింది. మళ్ళీ బావికాడికి పోలేదు. నీళ్ళకు పోవడం మానినాక ఊరివాళ్ళతో మాటలూ లేవు. మా అమ్మ మంచికే చేసిందని రామాంజులు ఇన్నేండ్లూ చెప్పుకుంటా వచ్చినాడు. ఈరోజు ఆ మాట వానికే చేదుగా ఉంది.

"బాబా కాఫీ కూడా ముట్టలేదన్నా," అనింది హుస్సేన్‌బీ ఖాళీ చేయని కూజా తెచ్చి పెట్టి. "జాసిమ్ అయితే బో సంతోషంగా ఉండాడు. చలిలో నిలబడేది తప్పింది, మంచిదేలే అంటాండాడు."

*

గురువారం పొద్దున బాబా వసారాలో ఎండకు కూచోని జపమాల తిప్పుకుంటాండాడు. రామాంజులు పోయి ఎదురుగా నిలబడినాడు. ఈ మాట చెప్తే ఉద్యోగం ఊడొచ్చు, ఈ వయసులో ఇంకో ఇల్లు యాడ దొరకతాది? అయినా చెప్పకుండా ఆ మొహం చూస్తా ఉండలేడు.

"బాబా, ఆ గొట్టం అది కాదు."

జపమాల ఆగింది.

"నువ్వు లావుది అడిగినావు. నేనే సన్నంది వెయ్యమని చెప్పినా. నువ్వే సన్నంది అడిగినావని రఫీకి అబద్ధం చెప్పినా."

"ఎవరు చెప్పమన్నారు?"

"ఎవరూ చెప్పలేదు. నువ్వు నిలబడాలని నేనే."

పెద్దాయన కర్ర అందుకోని లేచినాడు.

"కారు తియ్. తుపాకి తే."

కారు దోహా రోడ్డెక్కింది. బాబా వెనక సీట్లోనుంచి అడిగినాడు.

"పోయినేడాది కుర్చీ?"

"జాసిమ్ చెప్పినాడు. తెచ్చింది నేనే."

"కాఫీలో సత్తువ లేనిది గింజల వల్లేనా?"

హుస్సేన్‌బీ మొహం కండ్ల ముందర మెదిలింది. "నీళ్ళు పోస్తారు బాబా."

"ఉప్పు?"

"వెయ్యరు."

"కారు షెడ్డులో లేదు గదా?"

"లేదు."

అద్దంలో చూస్తే బాబా కిటికీ వైపు తిరిగి ఉండాడు. రోడ్డు పక్కన ఒకప్పుడు ఆయన గుడారాలు వేసిన జాగాలన్నీ విల్లాలు, గోడలు, లైటు స్తంభాలు. "నాకు పిచ్చి పట్టిందనుకున్నా రామా," అన్నాడు. "నోరు పోయింది, చెయ్యి పోయింది, లోకంలో అన్నిటికీ రుచి పోయింది అనుకున్నా. మీరంతా కలిసి నన్ను బతికుండంగానే పూడ్చిపెట్టినారు గదరా." ఆ మాటలో కోపం కంటే ఏడుపే ఎక్కువుంది. రామాంజులుకు రోడ్డు మసకబారింది. భుజంతో కండ్లు తుడుచుకోని నడిపినాడు.

అంగట్లో బాబా బల్లకు ఎదురుగా కూచోని, కర్రతో నేలమీద కొట్టినాడు. "ఇప్పుడు నేను చెప్పింది చెప్పినట్టు చెప్పు. ఒక్క మాట మింగితే చూడు."

"చెప్తా బాబా."

"నా డ్రైవరు గాడిద అని చెప్పు."

రామాంజులు రఫీయుద్దీన్ వైపు తిరిగినాడు. "భాయ్, ఆయన డ్రైవరు గాడిదంట."

"ఏ డ్రైవరే?"

"నేనే."

"గాడిదైనా బరువు మోస్తాది, వీడు నా బరువు దొంగతనం చేసినాడు అని చెప్పు."

అదీ చెప్పినాడు. రఫీయుద్దీన్‌కు సంగతి అర్థమై పొట్ట పట్టుకోని నవ్వినాడు. నవ్వు అయినాక లావు గొట్టం తీసి దుప్పటి మీద పెట్టి, ఆరోజు సగంలో ఆగిన మాట పూర్తి చేసినాడు. "నేను జెప్తనే ఉంటి, నువ్వు ఇనకపోతివి. చెయ్యి వణికెటోళ్ళకు బరువుదే మంచిగన్నా. తేలికది వణుకును బయటేస్తది, బరువుది మింగుతది. గానీ జల్దీ అలుపొస్తది. ఎక్కువసేపు పట్టలేడు. గది గూడ చెప్పు ఆయనకు."

రామాంజులు మాట మిగల్చకుండా చెప్పినాడు. అలుపొస్తాదన్నది కూడా చెప్పినాడు.

బాబా ఆలోచించలేదు. "పెండ్లంతా గడ్డిపోచ మాదిరి ఊగతా నిలబడే కంటే, ఒక్క చరణం మనిషి మాదిరి నిలబడతా. వెయ్యమను."

సాయంత్రానికల్లా గొట్టం మారింది.

*

శుక్రవారం రాత్రి ఇసుక మీద తివాసీలు పరిచినారు. డప్పులు మోగతాండాయి. రెండు వరసలు ఎదురెదురుగా, తెల్లచొక్కాల భుజాలు ఒకదానికొకటి అతుక్కోని నిలబడినాయి. ఒక వరస చరణం పాడితే, రెండో వరస అందుకుంటాంది. ఊర్లో చెక్కభజన వాళ్ళు కూడా ఇట్లనే ఎదురెదురుగా నిలబడి అందుకునేవాళ్ళు గదా అనుకున్నాడు రామాంజులు. వాడు గుడారం గుంజకాడ ఉండాడు. పక్కనే ఒకదానిమీద ఒకటి పేర్చిన తెల్ల కుర్చీలు.

బాబా వరస నడుమ ఉండాడు. ముందుగా ఆయనే అడిగి చిక్కటి కాఫీ ఒక్క గిన్నె తాగి వచ్చినాడు. నీళ్ళు కలిపినందుకు ఆయన చేత తిట్లు తిని, హుస్సేన్‌బీనే కాచి ఇచ్చింది.

తుపాకి పైకి లేచింది. రామాంజులు పెద్దాయన మొహం చూడలేదు, గొట్టం కొసనే చూసినాడు. ఎనిమిది పలకల మీద దీపాల వెలుగు పడి నిలిచిపోయింది. ఇట్లా అట్లా కదల్లేదు. వరసంతా ఊగతాంటే తుపాకి కూడా వరసతో పాటు ఊగింది, అంతే. సొంతంగా వణకలేదు.

చరణం చివరికొచ్చేసరికి బాబా మెడనరాలు తేలినాయి. భుజం కుంగింది. ఎదురు వరసలోనుంచి జాసిమ్ రామాంజులు వైపు చూసి, కుర్చీల వైపు కంటితో సైగ చేసినాడు. రామాంజులు చూడనట్టు తల తిప్పుకున్నాడు. ఇన్నేండ్ల చాకిరీలో ఆ ఇంటి సైగ ఒకటి కాదనింది అదే మొదలు. గుంజకాడనే నిలబడినాడు.

చరణం ముగిసింది. ఆఖరి అక్షరం దాకా కొస నిలిచే ఉంది. అప్పుడు బాబా తుపాకి దించి, కట్టె నేలకు ఆనించినాడు. మెడ తిప్పి, డప్పుల మీద వినపడేటట్టు గొంతెత్తి పిలిచినాడు.

"రామా! కుర్సీ!"

రెండు వరసలూ చూసినాయి. రామాంజులు కుర్చీ ఎత్తుకోని పరిగెత్తినాడు. అలవాటు చొప్పున వరసకు బయట, పక్కన దించబోయినాడు. బాబా తుపాకి కట్టెతో తన కాళ్ళకాడ నేలను కొట్టినాడు.

"అక్కడ కాదు. ఇక్కడ."

అటూ ఇటూ ఉన్నవాళ్ళు ఒక అడుగు జరిగినారు. రామాంజులు వరస నడుమనే కుర్చీ వేసినాడు. బాబా కూచోని, తుపాకిని మోకాళ్ళ మధ్య నిటారుగా నిలబెట్టి రెండు చేతులా పట్టుకున్నాడు. గొట్టం కొస అందరి తుపాకులతో పాటు ఆకాశంలోకి ఉంది. జరిగినవాళ్ళు మళ్ళీ దగ్గరికొచ్చి కుర్చీకి ఆనుకోని నిలబడినారు.

డప్పు మళ్ళీ అందుకుంది. రామాంజులు మాత్రం ఆయన ముందరే, కన్నీళ్ళతో, ఏం చేయాలో తెలీక నిలబడిపోయినాడు.

"గాడిదా," అన్నాడు బాబా, వానికొక్కనికే వినపడేటట్టు. "అడ్డం తప్పుకో. పాడాల."

రామాంజులు తప్పుకున్నాడు. కూచున్న పెద్దాయన గొంతుతోనే రెండో చరణం మొదలయింది.